లోట్‌లో రాతి ఇల్లు, నాన్న అడిగిన ఈసీ

"హైదరాబాద్‌లో ఫ్లాటు కొనే డబ్బుకి ఫ్రాన్స్‌లో తోటతో సహా రాతి ఇల్లు వస్తుందటగా, నిజమేనా?" మేం ఇల్లు కొన్న సంగతి తెలిసిన ప్రతివాళ్లూ ఇదే అడుగుతున్నారు. నిజమే. 1,48,000 యూరోలు. కానీ ఆ అంకె ఒక్కటే చెప్పి ఊరుకుంటే సగం అబద్ధం చెప్పినట్టే.

మేం ఉండేది దక్షిణ ఫ్రాన్స్‌లోని టులూజ్‌లో. అక్కడున్న మనవాళ్లలో చాలామందిలాగే మా ఇద్దరివీ విమానాల చుట్టూ తిరిగే ఉద్యోగాలు. ఇల్లు మాత్రం అక్కడికి ఉత్తరాన, లోట్ జిల్లాలో, కాఓర్ పట్టణం దాటాక వచ్చే సున్నపురాయి పీఠభూమి మీద ఉంది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా ద్రాక్షతోటలే. 1870ల చివర్లో ఫిలోక్సెరా అనే పురుగు వచ్చి వేర్లు తినేసింది. తోటలు పోయాయి, వాటి వెనకే జనమూ పోయారు. 19వ శతాబ్దం నడుమ దాదాపు 3 లక్షల మంది ఉన్న జిల్లాలో ఇప్పుడు ఉన్నది 1.75 లక్షల దరిదాపు. ఇళ్లు చవగ్గా దొరకడానికి అసలు కారణం అదీ. బ్రోకర్లు మాత్రం ప్రశాంతత అంటారు.

ఇల్లు కెర్సీ (ఈ చుట్టుపక్కలకి పాత పేరు) ప్రాంతపు పాత పద్ధతిలో కట్టింది. కింద అంతస్తు ద్రాక్షసారా పీపాలకి, మనుషులు ఉండేది పైన. బయటి నుంచే రాతి మెట్లు, మెట్ల చివర కప్పు వేసిన అరుగు. దాన్ని ఇక్కడ బొలే అంటారు. ఓ మూల పావురాల గూడు ఉన్న బురుజు. లోపల మనిషి నిలబడగలిగేంత పొయ్యి, దాని పక్కన గిన్నెలు కడుక్కునే చిన్న గది. ఆ గదిలో తొట్టి మొత్తం ఒకే రాయి. అడుగున చిన్న కాలువ చెక్కి, గోడలోంచి నీళ్లు నేరుగా బయటికి పోయేలా తూము పెట్టారు. ఎన్ని తరాల వాళ్లు అక్కడ గిన్నెలు తోమారో గానీ, ముందు అంచు చెయ్యి ఆనే చోట అరిగి నున్నగా అయిపోయింది. మా ఆయన పైకప్పు చూస్తుంటే నేను ఆ తొట్టి దగ్గరే నిలబడిపోయాను. కిటికీలు మాత్రం పిసినారివి. ఫ్రాన్స్‌లో 1798 నుంచి 1926 దాకా తలుపులకీ కిటికీలకీ పన్ను ఉండేది, మరి.

వీడియో కాల్‌లో అమ్మ మొదటి ప్రశ్న: "సింహద్వారం ఎటు?" దక్షిణం. అటు నుంచి చాలాసేపు మాట లేదు. చలికాలంలో వచ్చే కాస్త ఎండా ఇంట్లో పడాలని ఇక్కడ చాలా ఇళ్లు దక్షిణానికే కట్టారని చెప్పాను. "వాళ్లకి చెల్లుతుందేమో," అంది.

నాన్నది వేరే గోల. "ఈసీ తీశారా? లింకు డాక్యుమెంట్లు ఉన్నాయా?" (ఈసీ అంటే ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్.) ఇక్కడ ఆ పని నోటేర్‌ది. ప్రభుత్వం నియమించిన అధికారి, ఆయన రాసి సంతకం పెడితేనే అమ్మకం. కనీసం 30 ఏళ్ల వెనక్కి ఆస్తి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చూస్తాడు, తాకట్టు ఉంటే బయటపెడతాడు. అమ్మేవాళ్ల నోటేర్‌తోనే సరిపెట్టుకోనక్కర్లేదు. మనకంటూ ఇంకొకర్ని పెట్టుకున్నా ఉన్న ఫీజునే ఇద్దరూ పంచుకుంటారు, మన చేతి నుంచి పైసా ఎక్కువ పడదు. మేం పెట్టుకున్నాం.

అది ఎందుకు మంచిదైందంటే, అమ్మేవాళ్లు నలుగురు. తల్లి పోయాక పిల్లలందరికీ ఉమ్మడిగా వచ్చిన ఇల్లు. ఫ్రెంచి చట్టంలో పిల్లల్ని వారసత్వం నుంచి పూర్తిగా తప్పించడం దాదాపు కుదరదు, ఉమ్మడి ఇల్లు అమ్మాలంటే మామూలుగా అందరి సంతకాలూ కావాలి. ముగ్గురు ఒప్పుకున్నారు. నాలుగో ఆవిడ కెనడాలో ఉంటుంది, ఈమెయిళ్లకి జవాబివ్వదు. ఇల్లు ఏళ్ల తరబడి ఖాళీగా పడి ఉన్నది అందుకే. చివరికి మా నోటేర్ రాసిన ఉత్తరానికి పవర్ ఆఫ్ అటార్నీ పంపింది. అన్నదమ్ముల పంపకాల గురించి నాన్నకి విడమర్చి చెప్పాల్సిన అవసరం రాలేదు.

మమ్మల్ని నోటేర్ అడిగిన ప్రశ్న మాత్రం నేను ఊహించలేదు. పెళ్లయ్యాక మొదట ఎక్కడ కాపురం పెట్టారు? మాది 2013లో తెనాలిలో పెళ్లి. వెంటనే టులూజ్ వచ్చేశాం. కాబట్టి మా ఆస్తుల లెక్క ఫ్రెంచి చట్టం ప్రకారమట, పెళ్లి తర్వాత కొన్నది ఇద్దరికీ చెరిసగం. అదే మొదట బెంగళూరులో కాపురం పెట్టి తర్వాత వచ్చుంటే కథ వేరే. దీనికోసం మ్యారేజ్ సర్టిఫికెట్‌కి విదేశాల్లో చెల్లేందుకు విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర, ఆపైన కోర్టు గుర్తింపున్న అనువాదకుడి చేత తర్జుమా. తెనాలిలో మా మరిది తిరిగిన తిరుగుళ్లకి అతనికి ఈ ఇంట్లో ఒక గది రాసివ్వాలి.

ఇక రిపోర్టులు. సీసం, ఆస్బెస్టాస్, కరెంటు, చెదలు, వరద ముప్పు, అన్నీ అమ్మేవాళ్లే చేయించి ఇవ్వాలి. కరెంటూ హీటింగూ ఎంత తింటాయో చెప్పే గ్రేడులో మా ఇంటికి ఎఫ్ వచ్చింది, చివరి నుంచి రెండోది. ఎఫ్, జీ ఇళ్లు అమ్మాలంటే 2023 ఏప్రిల్ నుంచి ఎనర్జీ ఆడిట్ కూడా తప్పనిసరి. ఆ ఆడిట్ కాగితాలు బల్ల మీద పెట్టే 1,65,000 నుంచి ధర దింపించాం. ఇంతకంటే మంచి బేరం ఆయుధం నాకు కనబడలేదు.

ఈ రిపోర్టులేవీ చెప్పనివి తాపీమేస్త్రీ చెప్పాడు. గోడలు అరవై సెంటీమీటర్ల మందం, రాయీ సున్నమూ. మన పాత మిద్దెల గానుగ సున్నంలాగే అది చెమ్మని పీల్చి వదిలేస్తుంది. 1970లలో ఎవరో శుభ్రంగా ఉంటుందని ఉత్తరపు గోడకి బయట సిమెంటు పూసేశారు. చెమ్మ బయటికి పోయే దారి లేక లోపలికి తిరిగింది. మోకాలి ఎత్తు దాకా తెల్లగా ఉప్పు పొంగి ఉంది. ఆయన వేలితో గీస్తే పొరలు పొరలుగా ఊడింది. సిమెంటు మొత్తం కొట్టేసి మళ్లీ సున్నం పూయాలన్నాడు. తర్వాత ఓక్ దూలంలోకి స్క్రూడ్రైవర్ గుచ్చాడు. నా గుండె ఆగినంత పనైంది. పైన అంగుళం పిండిలా రాలింది, ఆ తర్వాత చేవ తగిలి స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. "పురుగు తినేది తినేసింది, మిగిలింది మీ మనవలకి కూడా సరిపోతుంది," అన్నాడు.

సెప్టిక్ ట్యాంకు ఫెయిల్. పల్లెల్లో ఇది మామూలే. నిబంధనలకి తగ్గట్టు లేకపోతే కొన్న ఏడాదిలోపు కొన్నవాళ్లే బాగుచేయించాలని చట్టం. కొటేషన్ పదివేల యూరోలు దాటింది. రిజిస్ట్రేషన్ ఖర్చు దాదాపు 12 వేలు. దాన్ని నోటేర్ ఫీజు అంటారు గానీ అందులో సింహభాగం పన్నులే.

అగ్రిమెంటు మీద సంతకాలయ్యాక కొనేవాళ్లకి 10 రోజులు గడువు ఉంటుంది, కారణం చెప్పకుండా వద్దనుకోవచ్చు, అడ్వాన్సు పూర్తిగా వెనక్కి వస్తుంది. ఆ 10 రోజుల్లో నేను నిద్రపోయింది తక్కువ. టెన్షన్ అంతా డొంక గురించి. పక్కింటి రైతు వాల్‌నట్ తోటకి ట్రాక్టరు మా వాకిట్లోంచే వెళ్లాలి, దస్తావేజులో దారి హక్కు రాసి ఉంది. నాన్నని అడిగితే, "రాసి ఉంటే భయం లేదు, రాయకుండా నడిచే డొంకతోనే తలనొప్పి," అన్నారు. ఇల్లు కాక కొంత పొలం కూడా ఉండటంతో సఫేర్ అనే సంస్థకి తెలియజేసి రెండు నెలలు ఆగాల్సి వచ్చింది. సాగు భూమిని మనకంటే ముందు కొనే హక్కు దానికుంది. వాళ్లకి అక్కర్లేకపోయింది.

ఇప్పుడు నడుస్తున్న గొడవ కిటికీల రెక్కల గురించి. ఊరి చర్చి రక్షిత కట్టడం. దానికి 500 మీటర్ల లోపల కనబడే ఏ మార్పుకైనా ప్రభుత్వ ఆర్కిటెక్ట్ సరే అనాలి. మా ఆయన ప్లాస్టిక్ షట్టర్లు అడిగారు, వద్దన్నారు. నీలం రంగు అడిగారు, అదీ కాదన్నారు. చెక్కవి, బూడిద రంగువి అయితే సరేనట. ఊళ్లో వడ్రంగి చేస్తానన్నాడు గానీ, వచ్చే వసంతం దాకా ఖాళీ లేదు.