కంటైనర్‌లో పాత కాన్ఫిగే ఎందుకు కనబడింది

హోస్ట్ (అసలు సర్వర్) మీద ఫైల్‌ని చూపించే క్యాట్ కమాండ్ కొడితే కొత్త కాన్ఫిగ్ (సెట్టింగ్‌ల ఫైల్). అదే సర్వర్ మీద ప్రోగ్రామ్‌ని విడిగా నడిపే కంటైనర్ లోపలికెళ్లి కొడితే పాతదే. టీమ్‌లో కొత్తగా చేరిన తమ్ముడు "ఎక్కడైనా కాష్ ఉందా అన్నా?" అని టెన్షన్ పడుతున్నాడు.

రెండు చోట్లా ఎల్‌ఎస్ మైనస్ ఐ కమాండ్ కొట్టమన్నాను. అది ఫైల్ ఐనోడ్ నంబర్ చూపిస్తుంది; ఐనోడ్ అంటే పేరు ఏదైనా డిస్క్ మీద అసలు ఫైల్‌కి ఉండే గుర్తింపు. ఐనోడ్ నంబర్లు కలవలేదు. అక్కడే దొరికింది.

విమ్ ఎడిటర్ చాలాసార్లు ఉన్న ఫైల్‌ని తిరగరాయదు. పాతదాని పేరు మార్చి పక్కన పెట్టి, అసలు పేరుతో కొత్త ఫైల్ రాస్తుంది. సేవ్ అయ్యాక పాతదాన్ని తీసేస్తుంది. ఫైల్‌లో మాటలు మార్చే సెడ్ మైనస్ ఐ కమాండ్ కూడా అంతే, కొత్త ఫైల్ తయారుచేసి పాతదాని స్థానంలో పెడుతుంది. కానీ ఒక్క ఫైల్‌ని బైండ్ మౌంట్ చేసినప్పుడు, అంటే హోస్ట్ ఫైల్‌ని కంటైనర్‌లో కనబడేలా తగిలించినప్పుడు, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) పట్టుకునేది ఐనోడ్‌ని. బయట ఆ పేరు ఇంకో ఐనోడ్‌కి వెళ్లిపోయినా, కంటైనర్ పాతదాన్నే చదువుతుంటుంది. హోస్ట్‌లో దానికి పేరే లేదు, అయినా మౌంట్ ఉన్నంతసేపు బతికే ఉంటుంది.

నానో అనే ఎడిటర్ మామూలుగా అదే ఫైల్‌లో రాస్తుంది కాబట్టి, అది వాడేవాళ్లకి ఈ తేడా ఎదురుకాదు.

విమ్‌ని తప్పుపట్టాలనిపించదు నాకు. రాస్తుండగా మధ్యలో సిస్టమ్ ఆగిపోయినా పాత కాపీ భద్రంగా ఉండాలనే దాని ఆలోచన.

విమ్‌లో బ్యాకప్‌కాపీ అనే సెట్టింగ్‌ని యెస్ అని పెట్టినా, అదీ అదే ఫైల్‌లో రాసేది కాబట్టి సరిపోయేది. కానీ సర్వర్ ఒకరి ఎడిటర్ సెట్టింగ్ మీద ఆధారపడటం నాకు నచ్చదు. ఒక్క ఫైల్‌ని కాకుండా అదున్న డైరెక్టరీనే మౌంట్ చేశాం. ఇప్పుడు కంటైనర్ ఫైల్ తెరిచిన ప్రతిసారీ పేరుతోనే వెతుకుతుంది, కొత్తదే దొరుకుతుంది.

తమ్ముడు కంటైనర్లని ఎలా నడపాలో రాసుకున్న మిగతా కంపోజ్ ఫైళ్లన్నీ తెరిచి, ఇంకెక్కడెక్కడ ఒంటరి ఫైల్ మౌంట్లున్నాయో వెతుకుతున్నాడు.