చక్రం దిగలేదని చెప్పడం నేర్చుకున్నాను: ఏవియేషన్ ఇంగ్లీషు టెస్టులో నా అనుభవం

నేను ఎగరడం నేర్చుకున్నది సెస్నా 172 మీద. దాని చక్రాలు ఎప్పుడూ కిందే ఉంటాయి, లోపలికి ముడుచుకోవు. చక్రాలు ముడుచుకునే విమానాల్లో గేర్ లీవర్ కిందికి దించాక, ఒక్కో చక్రం దిగి లాక్ పడిందని చెప్పే పచ్చ లైట్లు మూడు వెలగాలి. అక్కడ రెండే వెలిగితే ఎలా ఉంటుందో నాకు అనుభవం లేదు. అయినా ఇంగ్లీషు టెస్టుకి తయారయ్యేటప్పుడు నేను ఎక్కువగా కుస్తీ పట్టింది ఆ ల్యాండింగ్ గేర్ (చక్రాల అమరిక) సమస్యలతోనే.

పైలట్లకీ, నేల మీద నుంచి వాళ్లకి దారి చెప్పే కంట్రోలర్లకీ ఈ ఇంగ్లీషు ప్రమాణాలు పెట్టింది ఐకావో, అంటే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ. మొత్తం ఆరు లెవెల్స్. అంతర్జాతీయ రూట్లలో పనిచేయాలంటే కనీసం లెవెల్ 4 రావాలి. ఉచ్చారణ, వాక్య నిర్మాణం, పదజాలం, ధారాళంగా మాట్లాడటం, విని అర్థం చేసుకోవడం, ఎదుటివాళ్లతో సంభాషణ, ఈ ఆరింటికీ విడివిడిగా లెవెల్ ఇస్తారు. వాటిలో ఏది తక్కువగా ఉంటే అదే మన లెవెల్. ఐదింట్లో 5 వచ్చి ఒక్కదాంట్లో 3 వస్తే చేతికొచ్చేది 3. ఈ సంగతి తెలిశాక నాకు అసలు టెన్షన్ మొదలైంది. గుంటూరులో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినదాన్ని. రాయమంటే రాస్తాను. ఆగకుండా మాట్లాడమంటేనే గొంతు పట్టేసేది.

నాన్నగారి స్నేహితుల ద్వారా బ్రాడీపేటలో ఉండే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. విమానాశ్రయం కంట్రోల్ టవర్‌లో ఏళ్ల తరబడి కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యారు. ఆ మాస్టారు మొదటి రోజే అన్నారు: "మామూలు రోజున ఫ్రేజాలజీ, అంటే రేడియోలో వాడే కట్టుమాటలు, సరిపోతుందమ్మా. చక్రం దిగని రోజున నీ సొంత వాక్యం కావాలి. అది నీ దగ్గర ఉందా?"

ముందు నా మాటల చివర ఉకారాలు తీయించారు. గేరు, టైరు, లెఫ్టు అని మనం సాగదీసి చెబుతాం కదా. రేడియోలో గరగర మధ్య ఆ సాగదీత అవతలివాళ్లకి అడ్డం అవుతుందని ఆయన మాట. త్రీని ట్రీ అని, ఫైవ్‌ని ఫైఫ్ అని, నైన్‌ని నైనర్ అని పలకడం ఫ్లయింగ్‌లో ఎలాగూ అలవాటైంది.

అసలు పాఠం ఆ తర్వాత మొదలైంది. చూసింది మాత్రమే చెప్పాలి, ఊహించింది చెప్పకూడదు. పచ్చ లైటు వెలగకపోతే "లెఫ్ట్ గేర్ ఈజ్ నాట్ డౌన్" అనకూడదు. మనకి తెలిసింది లైటు వెలగలేదని, అంతే. చక్రం దిగి ఉండొచ్చు, బల్బు కాలిపోయి ఉండొచ్చు. కాబట్టి "అన్‌సేఫ్ ఇండికేషన్ ఆన్ లెఫ్ట్ మెయిన్ గేర్" అనాలి, అంటే ఎడమవైపు ప్రధాన చక్రానికి సురక్షితమన్న సూచన రాలేదని. అలాగే లో పాస్, అంటే దిగకుండా రన్‌వే మీదుగా తక్కువ ఎత్తులో వెళ్లడానికి, అడిగితే టవర్‌లోవాళ్లు బైనాక్యులర్స్‌తో చూసి "ల్యాండింగ్ గేర్ అపియర్స్ డౌన్" అంటారు. లాక్ పడిందా లేదా అన్నది అంత దూరం నుంచి ఎవరికీ కనపడదు కాబట్టి వాళ్లు అంతవరకే చెప్పి ఆగుతారు. అలా ఆగడం నాకు చాలా నచ్చింది.

మాస్టారు ఈస్టర్న్ 401 అనే అమెరికన్ ఫ్లైట్ గురించి చెప్పారు. 1972 డిసెంబర్ 29న మయామీలో దిగబోతూ ముక్కు చక్రం లైటు వెలగలేదు. కాక్‌పిట్‌లో అందరూ ఆ లైటు మీదే పడ్డారు. ఆటోపైలట్ ఎత్తును పట్టి ఉంచడం మానేసిన సంగతి ఎవరూ గమనించలేదు. విమానం ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలలో పడి 101 మంది చనిపోయారు. దర్యాప్తులో తేలింది ఏమిటంటే ముక్కు చక్రం దిగే ఉంది, లాక్ కూడా పడింది. కాలిపోయింది బల్బులే.

మాట సరిగ్గా చెప్పకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఏవియాంకా 52 అనే ఫ్లైట్ కథని ఎత్తుకునేవారు. 1990 జనవరిలో న్యూయార్క్ దగ్గర ఇంధనం అయిపోతుంటే సిబ్బంది ప్రయారిటీ కావాలన్నారు గానీ ఎమర్జెన్సీ అని ప్రకటించలేదు. విమానం కూలి 73 మంది పోయారు. అది విన్న రోజు నుంచి మేడే (ప్రాణాపాయం), పాన్ పాన్ (అత్యవసరం) అన్న మాటలు గట్టిగా పలకడానికి నాకు మొహమాటం పోయింది.

ఇంటి దగ్గర నా టవర్ మా తమ్ముడే. వాడు చదివేది కామర్స్, విమానాల గురించి ఏమీ తెలియదు. నాకు కావాల్సింది కూడా అదే. నేను ఒక ఫొటో చూస్తూ ఇంగ్లీషులో వర్ణిస్తే, వాడు ఫొటో చూడకుండా కాగితం మీద బొమ్మ గీయాలి. 2005లో లాస్ ఏంజెలెస్‌లో దిగిన జెట్‌బ్లూ 292 అనే ఫ్లైట్ ఫొటో పెట్టుకున్నాను. ముక్కు చక్రాలు రెండూ తొంభై డిగ్రీలు పక్కకి తిరిగిపోయి ఉంటాయి. తమ్ముడు పెన్సిల్ ఆపి, "అడ్డంగా తిరిగాయా, పైకి మడిచాయా అక్కా?" అన్నాడు. వాడికి బొమ్మ కుదిరేదాకా వాక్యం మార్చి మార్చి చెప్పేదాన్ని. ఎదురుగా తీసిన ఫొటోలో లెఫ్ట్ అంటే ఎవరి లెఫ్ట్ అన్నది కూడా అక్కడే స్థిరపడింది. ఎప్పుడైనా పైలట్ ఎడమే.

వీలైనప్పుడల్లా బండి మీద గన్నవరం ఎయిర్‌పోర్టుకి వెళ్లి, కేసరపల్లి వైపు నిలబడి దిగే విమానాలు చూసేవాళ్లం. ఏటీఆర్ (చిన్న ప్రొపెల్లర్ విమానం) అయితే మెయిన్ చక్రాలు రెక్కల నుంచి కాదు, పొట్ట పక్కనున్న ఉబ్బుల్లోంచి దిగుతాయి. ఏ320 జెట్‌కి రెక్కల కింద చక్రాలు దిగాక పెద్ద తలుపులు మళ్లీ మూసుకుంటాయి. గేర్‌ని నడిపే హైడ్రాలిక్స్ (ద్రవ ఒత్తిడి వ్యవస్థ) పనిచేయక, చక్రాలని వాటి బరువుతోనే కిందికి జారనిస్తే ఆ తలుపులు తెరుచుకునే ఉండిపోతాయి. తలమీదుగా వెళ్లే ఆ కొన్ని క్షణాల్లో కనిపించినదంతా గట్టిగా ఇంగ్లీషులో చెప్పేదాన్ని. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు, చూడనీ.

టెస్టులో ముందు నా గురించి అడిగారు. తర్వాత ఒక రికార్డింగ్ వినిపించి అందులో ఏం జరిగిందో చెప్పమన్నారు. ఒక అంకె సరిగా వినపడక "సే అగైన్" అన్నాను. అర్థం కానప్పుడు అడగడం సంభాషణలో భాగమేనని మాస్టారు ముందే ధైర్యం చెప్పి ఉన్నారు. తర్వాత ఫొటో. చక్రాలు లేకుండా పొట్ట మీద రన్‌వేపై ఆగిన పెద్ద జెట్, చుట్టూ ఫైర్ టెండర్లు. 2011లో వార్సాలో 231 మందితో దిగిన పోలిష్ బోయింగ్ 767 విమానం గుర్తొచ్చింది, అందులో ఎవరికీ గాయాలు కాలేదు. కానీ ఆ కథ చెప్పలేదు, ఫొటోలో ఉన్నదే చెప్పాను. ఇంజిన్లు నేలకు ఆనుకున్నాయి, ప్రయాణికులు జారి దిగే స్లైడ్లు తెరిచి ఉన్నాయి, పొగ కనపడటం లేదు.

దిగే ముందు కెప్టెన్ గాల్లో ఎందుకు తిరిగి ఉంటాడని అడిగారు. ఇంధనం ఖర్చయితే బరువు, మంట ప్రమాదం తగ్గుతాయి, చెక్‌లిస్ట్ పూర్తవుతుంది, క్యాబిన్ సిబ్బంది ప్రయాణికులను బ్రేస్‌కి, అంటే కుదుపును తట్టుకునేలా వంగి కూర్చోవడానికి, సిద్ధం చేస్తారు, కింద ఫైర్ సర్వీస్ తన చోటికి చేరుతుంది అని వరసగా చెప్పుకుంటూ పోయాను. గొంతు పట్టలేదు.

నాకు లెవెల్ 5 వచ్చింది. ఐకావో సిఫార్సు ప్రకారం లెవెల్ 4 వాళ్లకి మూడేళ్లకి, 5 వాళ్లకి ఆరేళ్లకి మళ్లీ టెస్టు ఉంటుంది. సర్టిఫికెట్ పట్టుకుని బ్రాడీపేట వెళ్తే మాస్టారు ఆరు గళ్లూ వేలితో చూసుకుంటూ వచ్చి, ఉచ్చారణ గడి దగ్గర ఆగి, "ఇదమ్మా నాకు కావాల్సింది" అన్నారు.