సంతలు ఆగిపోయిన ఏడాది నా తొలికాన్పు

అడవి ఊళ్ల ఆడవాళ్లు ఆసుపత్రికి రారు, నాటు వైద్యాన్నే నమ్ముకుంటారు అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో కుంట వైపు మా దోర్ల ఆదివాసుల ఊళ్లలో కడుపుతో ఉన్నవాళ్లు సంత రోజున ఉప్పు, ఎండుచేపలు కొనుక్కుని, అదే చేత్తో నర్సమ్మ దగ్గర టీటీ సూది వేయించుకుని వచ్చేవాళ్లు. మావోయిస్టులకు ఎదురుగా ప్రభుత్వం అండతో 2005లో మొదలైన సల్వాజుడుం దండు మా దాకా వచ్చాక ఊళ్లు ఖాళీ అయ్యాయి. కొందరిని రోడ్డు పక్క క్యాంపులకు తోలారు. కొందరు అడవిలోకి, కొందరు సరిహద్దు దాటి ఖమ్మం జిల్లాలోకి పోయారు. సంతలు మూతపడ్డాయి, నర్సమ్మ రావడం మానేసింది. ఆవిణ్ణి ఏమనగలం? మందుల సంచి కనిపిస్తే 'అన్నలకేనా' అని పోలీసులు, 'ఎవరికి కబుర్లు మోస్తున్నావు' అని అన్నలు.

ఆ రోజుల్లోనే నా తొలికాన్పు. ఏడో నెల దాటాక కాళ్లకు నీరు దిగింది. అత్త నూనె రాసి లాగినా వేలికున్న ఇత్తడి ఉంగరం కదల్లేదు. తల పగిలిపోయే నొప్పి, కళ్ల ముందు మెరుపులు. టెన్త్ దాకా చదివాను కాబట్టి ఇది మంచి లక్షణం కాదని తెలుసు. తెలిసి ఏం లాభం? దారికి అడ్డంగా చెట్లు నరికి పడేశారు, రోడ్డు తవ్వేశారు. వయసులో ఉన్న మగవాణ్ణి ఒకరు నక్సలైటంటారు, ఇంకొకరు ఇన్‌ఫార్మరంటారు. మా ఆయన తోడు రావడం కుదరదు. చీకటి పడితే ఎవరూ అడుగు బయట పెట్టరు.

తెల్లారాక అత్తా నేనూ బయల్దేరి, దోనె మీద శబరి దాటాం. అవతల జీపెక్కాక ఫిట్స్ వచ్చాయట. నాకేమీ గుర్తు లేదు, కొరుక్కున్న నాలుక తప్ప. గుర్రపు వాతమన్నారు, అంటే కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగి వచ్చే ఫిట్స్.

"బీపీ ఎప్పుడు చూపించారమ్మా?" అని ఆసుపత్రిలో సిస్టర్ అడిగితే, "చూసేదెవరు తల్లీ" అంది అత్త. ఊరు అడిగితే మాత్రం ఆంధ్రా వైపు చింతూరు దగ్గర చుట్టాల ఊరు చెప్పింది. ఛత్తీస్‌గఢ్ అంటే ఎవరొచ్చి ఏమడుగుతారోనని భయం.

రెండు పిరుదులకూ ఫిట్స్ ఆపే మెగ్నీషియం సూదులు పొడిచారు. ఒళ్లంతా సెగలు కక్కింది. నాలుగేసి గంటలకు మళ్లీ ఒకటి. వేసే ముందు ప్రతిసారీ సిస్టర్ చిన్న సుత్తితో మోకాలి కింద తట్టేది, మూత్రం సంచి చూసేది, ఊపిరి లెక్కపెట్టేది. మందు ఎక్కువైతే ఊపిరే ఆగిపోతుందట. పెద్ద ఖరీదైన మందేం కాదది. నదికి అవతల ఉన్న మాకు అందలేదు, అంతే.

ఆపరేషన్ చేసి బాబును తీశారు. గుప్పెడంత ఉన్నాడు గానీ బతికాడు. నాకే చాలాకాలం చూపు మసకగా ఉండేది, చెప్పిన మాట మర్చిపోయేదాన్ని. బీపీ దిగలేదు. మాత్రలు మానొద్దన్నారు. 2011లో సల్వాజుడుం చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక కొందరు ఊళ్లకు తిరిగి వెళ్లారు. నాతో నది ఇటే ఉండిపోయిన మా ఆయనకూ వెళ్లాలనే ఉండేది. మాత్ర దొరికే చోటు వదిలి రానన్నాను.

రెండోసారి నెల తప్పినప్పుడు ముందే వెళ్లి చూపించుకున్నాను. మళ్లీ అలా కాకుండా మూడో నెల దాటగానే చిన్న డోసు ఆస్పిరిన్ మొదలుపెట్టారు, వెళ్లినప్పుడల్లా బీపీ చూశారు. నెలలు నిండాకే పాప పుట్టింది, ఫిట్స్ రాలేదు. బీపీ మాత్రం నన్ను వదల్లేదు. ఇప్పటికీ రోజూ పొద్దున్నే ఒక మాత్ర.