ఎల్కుల బురదగుంట దగ్గర మాటు

అమెరికాలోని కొలరాడోలో విల్లంబుల వేట సెప్టెంబరు మొదట్లో మొదలై నెలాఖరు దాకా నడుస్తుంది. ఎల్కులంటే ఇక్కడి పెద్ద జాతి జింకలు, వాటి ఎదకాలమూ అప్పుడే. మా ఆఫీసులో గిద్దలూరు వైపు నుంచి వచ్చిన అన్న ఒకాయన ఉన్నాడు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసై, లైసెన్సు తీసుకుని, ఏటా ఈ నెల కోసమే సెలవులు దాచుకుంటాడు. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లెవరైనా ఆ కోర్సు చేయకపోతే ఇక్కడ మామూలుగా లైసెన్సు ఇవ్వరు. నాకు అది లేదు, విల్లు పట్టిందీ లేదు. "నువ్వు వేటాడక్కర్లేదు తమ్ముడూ, మాంసం మోయడానికి రా చాలు" అన్నాడు. సరేనన్నాను.

అయితే అసలు పని ఆగస్టు చివర్లోనే మొదలైంది, ఫ్లాట్ టాప్స్ కొండల్లో ఎల్కులు పొర్లే గుంటలు వెతకడంతో. డెన్వర్ నుంచి పడమరగా వెళ్లి, రైఫిల్ దగ్గర ఉత్తరానికి తిరిగితే మీకర్ ఊరు వస్తుంది. అది దాటాక తారు రోడ్డు పోయి మట్టి రోడ్డు, ఆ తర్వాత ఫోన్ సిగ్నల్ కూడా పోతుంది. 1940లలో బెరడు పురుగు పట్టి ఈ కొండల్లో స్ప్రూస్ చెట్లు విపరీతంగా చచ్చిపోయాయి. ఇప్పటికీ కొన్ని చోట్ల వెండిరంగు మోళ్లు నిలబడే ఉన్నాయి. పది వేల అడుగుల ఎత్తులో ఆ పడిపోయిన మానులు దాటుకుంటూ నడవడం ఎంత కష్టమో మొదటి గంటలోనే తెలిసింది.

ఎద ముదరబోయే ముందు మగ ఎల్కు ఊట నీళ్లున్న చోట కొమ్ములతో, ముందుకాళ్లతో మట్టి తవ్వి, అందులోనే మూత్రం పోసి, ఆ బురదలో పొర్లుతుంది. ఒళ్లు చల్లబడటం ఒక కారణమైతే, ఆ వాసనను ఒంటికి పట్టించుకుని ఆడవాటికి, పోటీ మగవాటికి తన సంగతి తెలియజేయడం ఇంకో కారణం. నల్లమలలో కణుజులు కూడా ఇలాగే పొర్లుతాయని అన్న చెప్పాడు. చిన్నప్పుడు వాళ్ల తాతతో అడవికి వెళ్లినప్పుడు ఆ గుంటలు చూశాడట. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత అక్కడ చూడటమే తప్ప వేట లేదు కదా.

గుంటల్ని మ్యాపులో పట్టుకోవడం పెద్ద విద్యేం కాదు. ఎండ తక్కువ పడే ఉత్తరం వాలు చూడాలి. దాని మీద ఎత్తు చూపే కాంటూర్ గీతలు ఒకదానికొకటి దూరం జరిగి, చిన్న చదును కనిపించాలి. ఆ చదునులో ఊట ఉండాలి. ఉపగ్రహ చిత్రంలో నల్లటి అడవి మధ్య చిన్న పచ్చమచ్చ కనిపిస్తే అక్కడ గుర్తు పెట్టుకోవాలి. అన్న ఫోన్ నిండా ఆ గుర్తులే. కాలినడకన వెళ్లి చూస్తే వాటిలో చాలావరకు ఎండిపోయి ఉన్నాయి. కొన్నింటిని మేతకు తోలిన ఆవులు తొక్కి పాడుచేశాయి. చుట్టూ పేడ కనిపించగానే అన్న ఒక్క క్షణం కూడా నిలబడలేదు.

చివరికి ఫర్ చెట్ల మధ్య ఒకటి దొరికింది. పెద్ద మంచమంత గుంట. నీళ్లు తేరుకోలేదు, ఇంకా కలకగానే ఉన్నాయి. అంటే అప్పుడే ఏదో వచ్చి వెళ్లింది. గట్టున బురదలో రెండుగా చీలిన గిట్టల జాడలు, వాటి అంచులు ఇంకా పదునుగా ఉన్నాయి. ఒక పక్క ఒళ్లు ఆనిన చోట గోధుమరంగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. పక్కనున్న చెట్టు మొదలుకి నా నడుం ఎత్తున బురద పూసి ఉంది, కింద తడి, పైన ఆరిపోయి పెళుసు. ఇక వాసన, ఎదకొచ్చిన మేకపోతు కంపే! "గుంట ఎక్కడుందో మ్యాపు చెబుతుంది, అందులో ప్రాణముందో లేదో ముక్కు చెబుతుంది" అన్నాడు అన్న.

మళ్లీ సెప్టెంబరు మధ్యలో వెళ్లాం. అప్పటికి ఎద ముదిరింది. తెల్లవారుజామున లోయంతా ఎల్కుల ఈలలే. పెద్ద మగవి ఆడవాటి మందను వదిలి గుంటకు రావు, ఇప్పుడు గుంట దగ్గర మాటు వేయడం దండగ అని అక్కడి వేటగాళ్లు చాలామంది అంటారు. ఈల విని దాని వెంట పరిగెత్తడమే వాళ్ల పద్ధతి. అన్న లెక్క వేరు. మంద దొరకని కుర్ర మగవి చుట్టూ తిరుగుతుంటాయి, ఎండ కాసే మధ్యాహ్నం వాటికి గుంట కావాలి. నా ఊపిరితిత్తుల పరిస్థితి చూశాక నాకూ ఆ లెక్కే నచ్చింది.

మాటులో అన్నిటికన్నా గాలి ముఖ్యం. పొద్దున చల్లగాలి వాలు వెంట కిందికి జారుతుంది. ఎండెక్కాక వేడెక్కి పైకి లేస్తుంది. సాయంత్రం మళ్లీ కిందికి. అందుకే గాలి తిరిగేదాకా ఆగి, పది దాటాక గుంటకు పైవైపు, ఇరవై గజాల అవతల, కూలిన మాను వెనక కూర్చున్నాం. అన్న మాటిమాటికీ చిన్న సీసా నొక్కి వాసనలేని పొడి వదిలి చూస్తున్నాడు. పొడి మా వీపు వైపు తేలిపోతున్నంతసేపూ పర్వాలేదు. నీడ కమ్మితే ఆట కట్టు, మా వాసనంతా గుంటలోకే దిగుతుంది.

రెండు దాటాక వచ్చిందది. ఈల లేదు, అలికిడి లేదు, ఒక పుల్ల విరిగిన చప్పుడు మాత్రమే. ముందు కొమ్ములు కనిపించాయి. ఇక్కడ వేట కోసం విడగొట్టిన ప్రాంతాల్లో, అంటే యూనిట్లలో, చాలా చోట్ల మగదాన్ని కొట్టాలంటే ఒక కొమ్ముకు నాలుగు మొనలైనా ఉండాలి, లేదా నుదుటి మొన అయిదు అంగుళాలైనా ఉండాలి. అన్న పెదాలతో లెక్కపెడుతుంటే నాకే టెన్షన్. నాలుగు. సరిపోయింది.

ముందుకాలితో నీళ్లను గట్టిగా కొట్టింది. తల వంచి కొమ్ములతో బురద చిమ్మింది. అది తల దించినప్పుడే అన్న విల్లు లాగాడు. పడుకుని, ఒక పక్కకు, మళ్లీ ఇంకో పక్కకు పొర్లింది. మెడ కింది జూలు నల్లటి ముద్దయింది. ఉన్నట్టుండి కాళ్లు గాల్లోకి లేపితే నాకు నవ్వొచ్చింది. పడుకుని ఉన్నప్పుడు బాణం వేయకూడదు, కాళ్లూ భుజమూ అడ్డం పడతాయి. అన్న చేతులు వణకడం కనిపిస్తోంది. అది లేచి, ఒళ్లు విదిల్చి, పక్కకు తిరిగింది. టప్ అన్న చప్పుడు. అంతే, అడవిలోకి దూకింది.

వెంటనే వెళ్లకూడదని అరగంటకు పైగా కూర్చోబెట్టాడు. రక్తపు చుక్కల వెంట వెళ్తే వంద గజాల లోపే పడి ఉంది. చంపడం చూడటం నాకు తేలిగ్గా లేదు, ఉందని చెప్పను కూడా. కానీ ఆలోచించే తీరిక దొరకలేదు. బురదలో పొర్లిన జంతువు తోలు తీయడం నరకం. ఇసుక తగిలి కత్తి అంచు చిటికెలో పోతుంది, తోలు ముట్టిన చేత్తో మాంసం ముడితే ఆ కంపు దానికీ పడుతుంది. తోలు పట్టుకోవడం నా వంతు, మాంసం ముట్టడం ఆయన వంతు అని పంచుకున్నాం. ఒక్కో వెనక తొడ పాతిక కిలోలకు తక్కువ లేదు. తినదగ్గ మాంసం అడవిలో వదిలేస్తే నేరం. కాబట్టి చీకట్లో తలలైట్లు పెట్టుకుని ఆ కూలిన మానులన్నీ మళ్లీ దాటాం, ఈసారి వీపున బరువుతో.

ఎల్కుల్లో ఒక మెదడు జబ్బు ఉంది కాబట్టి తలను పరీక్షకు ఇచ్చి, రిపోర్టు వచ్చాకే వదిన వండింది. కొవ్వు లేని మాంసం, వేపుడుకు పనికిరాదు. కుక్కర్లో బాగా ఉడకనిచ్చి ఇగురు పెడితే మాత్రం బాగుంది. అన్న జాకెట్‌ను ఆవిడ ఇంకా గ్యారేజీ దాటనివ్వలేదు.