రానివాళ్ల లెక్క

చర్చిలో ఆరాధన అయిపోగానే ఈ ఆదివారం ఎంతమంది వచ్చారని అడిగితే పెద్దలు టక్కున చెప్పేస్తారు. ఎవరెవరు రాలేదో పేర్లు చెప్పమంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఇద్దరు కొత్తవాళ్లు చేరి, ఇద్దరు పాతవాళ్లు మానేస్తే అంకె అంతే ఉంటుంది. ఆ మానేసిన ఇద్దరి సంగతి నాలుగు నెలల తర్వాత ఎవరి నోటనో వినాల్సి వస్తుంది.

ఉన్నట్టుండి మానేసేవాళ్లు తక్కువ. ముందు వారం మధ్యలో జరిగే ప్రార్థన కూడికకు రావడం తగ్గుతుంది. తర్వాత పరిచర్యలో, అంటే సంఘంలో చేసే సేవలో, తమ వంతు ఇంకొకరికి అప్పజెబుతారు. ఆపైన ఆదివారం ఆలస్యంగా వచ్చి, ముగింపు ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకున్నప్పుడే బయటికి నడుస్తారు. కుర్చీ ఖాళీ అయ్యేది ఇదంతా అయ్యాకే. మనం కంగారుపడేది అప్పుడు.

దీనికి ఒక గీతల నోటుపుస్తకం చాలు. ఎడమవైపు కుటుంబాల పేర్లు రాయకండి, ఒక్కో మనిషి పేరూ రాయండి. భర్త ఒక్కడే వస్తుంటే భార్య రావడం లేదన్న సంగతి ఇంటిపేరు చాటున దాక్కుంటుంది. పదహారేళ్ల పిల్లవాడైతే అసలు కంటికే ఆనడు. పైన వరసగా తేదీలు. వచ్చినవాళ్లకు చుక్క, ఎందుకు రాలేదో తెలిస్తే సున్నా, తెలియకపోతే గడి ఖాళీ. వరసగా రెండు గడులు ఖాళీ అయితే మంగళవారం లోపు ఫోన్, మూడోది కూడా ఖాళీ అయితే ఇంటికి వెళ్లడం. గుమ్మం దగ్గర నిలబడి టిక్కులు పెట్టారో, బడి హాజరైపోతుంది. చూసి గుర్తుపెట్టుకుని, అందరూ వెళ్లాక రాసుకోవాలి. కారణం మాత్రం రాయొద్దు. జబ్బు, అప్పు, ఇంట్లో గొడవ లాంటివి ఒకసారి కాగితమెక్కితే ఆ పుస్తకం ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం.

ఒక్కొక్కరికి పది, పన్నెండు పేర్లకు మించి ఇవ్వకండి. బైబిల్లో నిర్గమకాండము 18లో మామ యిత్రో మోషేకు ఇచ్చిన సలహాలో వెయ్యిమందికి, వందమందికి, ఏభైమందికి, పదిమందికి వేరువేరుగా అధికారులున్నారు. వందమంది మీద పెద్దగా ఉండమంటే మన దగ్గర చాలామంది ముందుకొస్తారు. పదిమందిని చూసుకోమంటేనే మనిషి దొరకడు. ఫోన్లో మొదటి మాట కూడా ముఖ్యమే. ‘ఆదివారం రాలేదేం?’ అంటే సంజాయిషీ అడిగినట్టుంటుంది. ‘కనబడలేదు, ఒంట్లో బాగానే ఉందా?’ అంటే అవతలివాళ్లు అసలు సంగతి చెబుతారు.

ప్రత్యక్ష ప్రసారం వచ్చాక ఈ లెక్క ఇంకా చిక్కుపడింది. తెర కింద కనబడే అంకెలో మధ్యలో తొంగిచూసి పోయినవాళ్లూ ఉంటారు. అలాగని ప్రసారం ఆపేయమనను. మంచం పట్టినవాళ్లకు, రాత్రి డ్యూటీలవాళ్లకు అదే ఆధారం. ఇంటి నుంచి చూసేవాళ్ల పేర్లు వేరే పేజీలో రాసి, ఆ పేజీకీ ఒక మనిషిని పెట్టండి. క్రీ.శ. 155 ప్రాంతంలో తొలినాటి క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్ రాసినదాన్ని బట్టి, ఆరాధనకు రాలేనివాళ్ల కోసం ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షరసంలో) భాగాన్ని పరిచారకులు తీసుకెళ్లి ఇచ్చేవారు. కెమెరా ఉంది కదా అని ఆ నడక మానేస్తే ఎలా? వేరే ఊళ్లో స్థిరపడినవాళ్లనైతే మన ప్రసారానికి కట్టిపడేయకూడదు. ఆరు నెలలు దాటితే అక్కడి సంఘానికి పరిచయ పత్రం రాసి పంపడం మేలు. రోమీయులకు 16లో కెంక్రేయ సంఘపు ఫీబే గురించి పౌలు రాసింది అలాంటి మాటే.

ఇలా ఇళ్లకు వెళ్లడం మొదలుపెడితే ఫిర్యాదులూ వినబడతాయి. మమ్మల్ని పట్టించుకోలేదన్నది మొదటిది. అపొస్తలుల కార్యములు 6లో గ్రీకుభాష మాట్లాడే యూదుల విధవరాండ్రకు రోజువారీ పంపకంలో అన్యాయం జరిగిందన్న సణుగుడు పుట్టింది. అప్పుడు ఆ పంపకం చూడటానికి ఎన్నుకున్న ఏడుగురివీ గ్రీకు పేర్లే. ఫిర్యాదు చేసినవాళ్ల చేతికే పంపకం అప్పగించినట్టుంది. యవ్వనస్తులు గొణుగుతున్నారంటే వాళ్లకు మైకులు సర్దే పని ఇచ్చి సరిపెట్టకండి. ఇద్దరిని లెక్కలు చూసే కమిటీలో కూర్చోబెట్టండి.

రెండోది డబ్బు. ఎవరూ పైకి అనరు గానీ, సగం దూరాలకు మూలం అక్కడే ఉంటుంది. కానుకల సంచి ఎవరింటికీ వెళ్లకూడదు. ఆరాధన అయిన వెంటనే, అదే గదిలో, చుట్టరికం లేని ఇద్దరు లెక్కపెట్టాలి. భార్యాభర్తలైతే ఇద్దరు కాదు, ఒక్కరి కిందే లెక్క. ఏ నోటు ఎన్ని ఉన్నాయో చీటీ మీద విడివిడిగా రాసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. మూడో మనిషి బ్యాంకులో కట్టి, రసీదును చీటీతో సరిచూడాలి. తేడా వస్తే ఆ వారమే తేల్చాలి. గోడ మీది క్యూఆర్ కోడ్ సంఘం ఖాతాదే కావాలి. కాపరి (పాస్టరు) సొంత నంబరుకు డబ్బు వెళ్తుంటే, ఆయన ఎంత నిజాయితీపరుడైనా రేపు రుజువు చేసుకోలేడు. విరాళం మోసుకెళ్లడానికి తన సహచరుడు తీతుతో పాటు ఇంకొందరిని పౌలు పంపింది ఎవరూ తప్పు పట్టకుండానే (2 కొరింథీయులకు 8). నెలనెలా జమాఖర్చులు బోర్డు మీద పెట్టండి. ఎవరెంత ఇచ్చారన్నది మాత్రం పెట్టొద్దు.

మూడోది మనుషుల మధ్య తగాదా. మత్తయి 18 వరస అందరికీ తెలిసిందే: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరితో, ఆఖరున సంఘానికి. చెడగొట్టేది మొదటి మెట్టును ఎగ్గొట్టి వాట్సాప్ గ్రూపులో పెట్టడం. అయితే పిల్లల మీద లైంగిక వేధింపు ఆరోపణకు ఈ వరస పనికిరాదు. బాధపడిన పిల్లను ఆ మనిషితో ఒంటరిగా మాట్లాడుకోమనడం ఘోరం. అదే రోజు ఆ వ్యక్తిని అన్ని బాధ్యతల నుంచి పక్కన పెట్టి, పోలీసులకు చెప్పాలి. పెద్దలు సొంతంగా విచారణకు దిగితే సాక్ష్యం పాడవుతుంది, పిల్ల చెప్పిందే పదిసార్లు చెప్పాల్సి వస్తుంది. ఆ కుటుంబం విషయంలో మూడు గడులు ఖాళీ అయ్యేదాకా ఆగకండి, వాళ్లు సరేనంటే వెంటనే వెళ్లండి. వెళ్లే మనిషి ఆరోపణ ఎదుర్కొంటున్నవాడి చుట్టమో స్నేహితుడో కాకుండా చూసుకోండి.