అక్క మెయిల్ చదివింది, నా లాగ్ మాత్రం లేదంది

నేను పంపిన మెయిల్‌ను ఎవరు తెరిచారో చూపే లెక్క తప్పుతోంది. రెండు ఆదివారాలు తినేసింది ఈ సమస్య. చివరికి దొరికింది. దొరికాక ఎవర్ని తిట్టాలో తెలియలేదు, ఎందుకంటే తప్పంతా నాదే.

అమ్మమ్మ వంటల నోటుబుక్కు టైప్ చేసి నెలనెలా 26 మంది చుట్టాలకు పంపుతున్నాను. మెయిల్ చివర కంటికి కనబడని బొమ్మ, ఒక్కొక్కరికి ఒక్కో అడ్రసుతో. మెయిల్ తెరిస్తే ఆ బొమ్మ నా సర్వర్ నుంచి వెళ్తుంది, ఎవరి బొమ్మ వెళ్లిందో సర్వర్ చిట్టాలో (లాగ్‌లో) ఒక లైను పడుతుంది. ఫ్యామిలీ గ్రూపులో ముందే చెప్పాను, చెప్పకుండా పెట్టడం నాకు నచ్చదు. ఈ పనికి బ్రౌజర్‌లో పెట్టుకునే రెడీమేడ్ ఎక్స్‌టెన్షన్లు వాడమని కొందరు అంటారు. మెయిల్‌బాక్స్ మొత్తం చదివే పర్మిషన్ అడిగేవాటిని నేను నమ్మను. నా సర్వర్‌ని నడిపే ఎన్‌జినెక్స్ ప్రోగ్రాంలో ఎంప్టీ గిఫ్ అని ఒక్క లైను రాస్తే 43 బైట్ల బొమ్మ అదే ఇస్తుంది, లాగ్ అదే రాస్తుంది. మార్చి, ఏప్రిల్ మెయిళ్లకు బాగానే పనిచేసింది.

మే నెల మెయిల్‌కు 26 మందిలో ఏడుగురే తెరిచినట్టు చూపించింది. జీమెయిల్ వాడేవాళ్లు ఒక్కరూ లేరు. ఇంతలో అక్క ఫోన్: "కందిపొడి చేశాను రా, అచ్చం అమ్మమ్మ చేసినట్టే ఉంది." లాగ్‌లో అక్క పేరు పక్కన సున్నా. తెరిచిన ఏడుగురిలో ఒకరైన డాలస్ బాబాయిని అడిగితే "ఇంకా చూడలేదురా, తీరిక లేదు" అన్నాడు. అంటే చదివినవాళ్లు లెక్కలో లేరు, చదవనివాళ్లు ఉన్నారు!

బాబాయి సంగతి తేలికే. ఆ ఏడు లైన్లలోనూ బ్రౌజర్ పేరు ఉండాల్సిన చోట ఉత్త 'మొజిల్లా/5.0', అంతే. ఆపిల్ మెయిల్ యాప్ 2021లో ఐఓఎస్ 15 (ఐఫోన్ సాఫ్ట్‌వేర్) నుంచి మెయిల్ తెరవకపోయినా బొమ్మల్ని వెనకాలే దించుకుంటుంది. మా ఏడుగురూ ఐఫోన్ వాళ్లే.

అక్క సంగతే అంతు చిక్కలేదు. మొదట బొమ్మలు ఆఫ్‌లో ఉన్నాయేమో అనుకున్నా. జీమెయిల్ 2013 డిసెంబరు నుంచి బొమ్మల్ని తన సర్వర్ల మీదుగా తెచ్చి అడక్కుండానే చూపిస్తుంది. అయినా వీడియో కాల్‌లో సెట్టింగ్ తెరిపించి చూశా, 'ఎప్పుడూ చూపించు' అనే ఉంది. స్పామ్‌లో పడిందా? లేదు, ఇన్‌బాక్స్‌లోనే ఉంది. పాత బొమ్మే దాచుకుని చూపిస్తోందా? అడ్రసు ప్రతిసారీ కొత్తది. నా సర్వర్ సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు అయిపోయిందా? ఇంకా 41 రోజులుంది. నా రెండో అకౌంటుకు రెండు లైన్ల టెస్ట్ మెయిల్ పంపి తెరిస్తే, రెప్పపాటులో 'గూగుల్ ఇమేజ్ ప్రాక్సీ' (బొమ్మలు తెచ్చే ఆ జీమెయిల్ సర్వర్ల పేరు) అని లాగ్‌లో లైను పడింది. అంతా బాగున్నట్టే! నన్ను అన్ని రోజులూ తప్పుదారి పట్టించింది ఆ రెండు లైన్ల టెస్టే.

రెండో ఆదివారం అక్కే మళ్లీ ఫోన్ చేసింది. "మాగాయకి ఉప్పెంతో రాయకుండానే ఆపేశావేంట్రా?"

నేను రాశాను. శేరు ముక్కలకు ఎంత ఉప్పో, ఎన్ని ఎండలు పెట్టాలో, అన్నీ రాశాను. స్క్రీన్‌షాట్ పంపమన్నా. వాక్యం మధ్యలో మూడు చుక్కలు, కింద చిన్న అక్షరాల్లో మెసేజ్ కత్తిరించామన్న మాట, పక్కనే మొత్తం చూడటానికి లింకు. అక్క అది నొక్కలేదు. ఎవరు నొక్కుతారు?

మెయిల్ లోపలి కోడ్ (హెచ్‌టీఎంఎల్) దాదాపు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది కోసేస్తుంది. నా బొమ్మ ఉన్నది చిట్టచివర. సరే, వంటల మెయిల్‌కి అంత బరువెక్కడిది? ఒకప్పుడు పెద్దమ్మ పాత ఫోన్‌లో తెలుగు డబ్బాల్లా కనబడుతోందని, స్క్రిప్టులో ప్రతి అక్షరాన్నీ నంబరు కోడ్‌గా మార్చే లైను పెట్టి మరిచిపోయాను. 'తెలుగు' అనే మాట యూటీఎఫ్-8లో, అంటే అక్షరాల్ని మామూలుగా దాచే పద్ధతిలో, 18 బైట్లు. గుణింతపు గుర్తులతో కలిపి ఆరు, ఒక్కోటి మూడు. నంబరు కోడ్‌లో ఒక్కోటి ఏడు, మొత్తం 42. మే మెయిల్‌లో అలాంటివి 16,200 ఉన్నాయి. అవే 1,13,400 బైట్లు. స్పేసులు, ట్యాగులు ఇంకో 4,600. మొత్తం 115 కేబీ. దాంతో మాగాయ ఉప్పూ నా బొమ్మా రెండూ కోతలో పోయాయి. రెండు లైన్ల టెస్ట్ మెయిల్‌కి కోత పడనే లేదు.

ఆ లైను తీసేస్తే అదే మెయిల్ 52 కేబీ. బొమ్మను కూడా పైకి, శీర్షిక కిందికి మార్చాను. మళ్లీ పంపితే ఆ రాత్రికే జీమెయిల్ వాళ్లు 11 మంది లాగ్‌లోకి వచ్చారు. పెద్దమ్మ కొత్త ఫోన్‌లో తెలుగు చక్కగా కనబడుతోంది.

లాగ్‌లోకి వచ్చిన ఆ 11లో ఒకటి నేనే అని తర్వాత తెలిసింది. సెంట్ బాక్స్‌లో ఆ మెయిల్ ఎలా వచ్చిందా అని తెరిచి చూశాను. అదీ అదే ప్రాక్సీ మీదుగా వెళ్తుంది, తేడా కనిపెట్టలేం. ఇక సెంట్ బాక్స్ జోలికి వెళ్లను.

రీడ్ రిసీట్, అంటే మెయిల్ తెరిచినట్టు తిరిగి వచ్చే రసీదు, కూడా ఒకసారి ప్రయత్నించాను. మామూలు జీమెయిల్ అకౌంట్లకు ఆ సదుపాయమే లేదు. థండర్‌బర్డ్ మెయిల్ ప్రోగ్రాం వాడే బావకు "రిసీట్ పంపాలా?" అని అడిగితే వైరస్ అనుకుని మూసేశాడు.

బొమ్మ పైనుంటే తెరిచారని తెలుస్తుంది, చివరిదాకా చదివారని తెలియదు. అందుకే జూన్ మెయిల్ చివర 'చదివేశా' అని ఒక లింకు పెడుతున్నా. పిన్ని ఆఫీసు మెయిల్‌కి సెక్యూరిటీ ఫిల్టర్ ఉంది, లింకుల్ని అదే ముందు తెరిచి చూస్తుంది. కాబట్టి లింకు నొక్కగానే లెక్క వేయకుండా, వచ్చిన పేజీలో బటన్ నొక్కితేనే వేస్తా. 90 కేబీ దాటితే పంపకుండా ఆగే లైను స్క్రిప్టులో ఇప్పటికే పెట్టేశా. ఈసారి ఉప్పు కొలతలు మాత్రం మొదటి పేరాలోనే.