పోలో జీటీకి 17 అంగుళాల చక్రాలు వద్దనుకుని 16 ఎందుకు వేయించానంటే

మాది కొరాపుట్ జిల్లా జయపురం. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. నా కారు 2014 నాటి పోలో జీటీ టీఎస్ఐ. 1.2 లీటర్ల టర్బో ఇంజను, 105 పీఎస్ శక్తి, దానంతటదే మారే ఏడు గేర్ల డీఎస్‌జీ. చూడ్డానికి చిన్న హ్యాచ్‌బ్యాకే గానీ, ఘాట్ ఎక్కుతుంటే నాకు అదే స్పోర్ట్స్ కారు. లోటల్లా కంపెనీ ఇచ్చిన 185/60 ఆర్15 టైర్లే. మలుపులో కాస్త గట్టిగా తిప్పితే కీచుమని అరిచేవి. అవి అరిగిపోయాక ఎలాగూ కొత్తవి వేయాలి కాబట్టి రిమ్ములు కూడా మార్చేద్దామనుకున్నాను. అనుకున్న దగ్గర్నుంచి బండికి ఎక్కించేదాకా నాలుగు నెలలు పట్టింది.

మొదట్లో నా మనసంతా 17 అంగుళాల మీదే ఉండేది. వైజాగ్‌లో మా బావకీ పోలోయే ఉంది. దానికి 17 అంగుళాల అలాయ్ రిమ్ములు, 215/40 టైర్లు. ఆ కారు పక్కన నిలబడితే నాది వెలవెలబోయినట్టు కనిపించేది.

లెక్క కూడా వేసి చూసుకున్నాను. 185/60 ఆర్15 అంటే టైరు వెడల్పు 185 మిల్లీమీటర్లు, అందులో 60 శాతం సైడ్‌వాల్ ఎత్తు, అంటే 111 మిల్లీమీటర్లు. రిమ్ము 15 అంగుళాలు, అంటే 381. పైనా కిందా సైడ్‌వాల్ కలిపితే చక్రం మొత్తం ఎత్తు 603 వస్తుంది. 215/40 ఆర్17కి అదే లెక్క వేస్తే 604. ఒక్క మిల్లీమీటరు తేడా! స్పీడోమీటరు మారదు, గేర్ల లెక్క మారదు. ఇంత చక్కగా కుదిరాక ఇంకేం చూడాలి అనుకున్నాను. సైడ్‌వాల్ 111 నుంచి 86కి పడిపోతోందని కాగితం మీద రాసుకున్నాను గానీ, దాని అర్థం నాకు అప్పటికి తెలియదు.

అది తెలిసింది మా ఊరి నుంచి వైజాగ్ వెళ్లే దారిలోని సుంకి ఘాట్‌లో. వినాయక చవితికి బావ మా ఇంటికొచ్చాడు. తిరుగు ప్రయాణంలో నేనూ వెళ్లాను, బండి నేనే నడిపాను. పొట్టంగి దాటి దిగుతున్నాం, వాన పడుతోంది, ముందొక లారీ. వేగం నలభైకి మించి లేదు. లారీ పక్కకి తొలగగానే ఎదురుగా నీళ్లు నిండిన గొయ్యి. తప్పించే చోటు లేదు. 'ఠప్'మని చప్పుడైంది, స్టీరింగ్ చేతుల్లో అదిరింది. దిగి చూస్తే ముందు ఎడమ టైరు పక్కన కోడిగుడ్డంత ఉబ్బు, రిమ్ము అంచు లోపలికి వంగి ఉంది. గోతి అంచుకీ రిమ్ముకీ మధ్య సైడ్‌వాల్ నలిగితే లోపలి దారాలు తెగిపోతాయి. అక్కడ గాలి బయటికి తోసుకొస్తుంది. ఇక ఆ టైరుకి మరమ్మతు లేదు.

"సారీ బావా" అన్నాను.

"నీ తప్పేం లేదురా. ఇది రెండోది. బీచ్ రోడ్డులో తిరిగినన్నాళ్లూ ఏమీ కాలేదు, ఈ ఘాట్‌లోకి వస్తేనే ఇలా" అన్నాడు.

స్టెప్నీ తీసి, డిక్కీలోంచి ఒక గుడ్డసంచీ కూడా తీశాడు. అందులో కంపెనీ ఇచ్చిన పాత బోల్టులున్నాయి. వాటి తల కింది భాగం బంతిలా గుండ్రంగా ఉంటుంది. అలాయ్‌లకి బిగించిన కొత్త బోల్టులకి అదే చోట శంకువులా కోసుగా ఉంటుంది. స్టెప్నీ స్టీలు రిమ్ముకి గుండ్రటివే వాడాలి. తారుమారైతే బోల్టు పూర్తిగా ఆనదు, దారిలో వదులైపోవచ్చు. వానలో తడుస్తూనే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపించాడు. తర్వాత సాలూరు దాకా మెల్లగా దిగాం.

జయపురం తిరిగొచ్చాక కాగితం మళ్లీ తీశాను. ఈసారి ముందు సైడ్‌వాల్ చూశాను, ఆ తర్వాతే మిగతావి. 205/45 ఆర్17కి 92 మిల్లీమీటర్లు, నా భయం తీరలేదు. 205/50 ఆర్16కి 102, మొత్తం ఎత్తు ఒకటిన్నర శాతం లోపే పెరుగుతుంది. కాగితం మీద అన్నిటికంటే నచ్చింది అదే. కానీ జయపురంలో, కొరాపుట్‌లో అడిగితే ఆ సైజు ఎవరి దగ్గరా లేదు. పగిలిన రోజున దొరకని టైరు ఎంత మంచిదైతే మాత్రం ఏం చేసుకుంటాను? 195/55 ఆర్16కి సైడ్‌వాల్ 107, పాతదానికంటే నాలుగే తక్కువ. చక్రం ఎత్తు 621. అంటే మూడు శాతం ఎక్కువ. మీటరు వేగాన్ని మునుపటికంటే మూడు శాతం తక్కువగా చూపిస్తుంది, అది గుర్తుంచుకోవాలి. దానికి బదులు బండి నేల నుంచి తొమ్మిది మిల్లీమీటర్లు లేస్తుంది, మా రోడ్లకి అదీ మేలే. పైగా తర్వాత వచ్చిన పోలో జీటీలకి కంపెనీయే ఈ సైజు ఇచ్చింది. ఐ20లకి కూడా వస్తుంది కాబట్టి టైరు దొరుకుతుంది. లోడ్ ఇండెక్స్ 87, అంటే ఒక్కో టైరు 545 కిలోలు మోస్తుంది. 84 అయితే 500 కిలోలే.

సైజు తేలింది, ఇక రిమ్ము. పోలోకి ఐదు బోల్టులు, అవి కూర్చునే వృత్తం వ్యాసం 100 మిల్లీమీటర్లు. షాపుల్లో ఎక్కువగా కనిపించేవి స్విఫ్ట్, ఐ20లకి పట్టే నాలుగు బోల్టులవి. ఒక షాపులో 5x112 రిమ్ము, అంటే బోల్టులు ఐదే గానీ వృత్తం 112 ఉన్నది చూపించి "అడాప్టర్ వేసి ఎక్కించేద్దాం సార్" అన్నారు. ఒప్పుకోలేదు. ఘాట్ దిగేటప్పుడు మా అమ్మ వెనక సీట్లో ఉంటుంది.

ఆఫ్‌సెట్ అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. రిమ్ము వెడల్పులో సరిగ్గా మధ్య గీతకీ, హబ్‌కి (చక్రాన్ని బిగించే ఇరుసు కొసకి) ఆనే ముఖానికీ మధ్య మిల్లీమీటర్లలో దూరమే ఆఫ్‌సెట్. ఉదాహరణకి 6 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 40 ఉన్న రిమ్ము తీసి 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ 35 పెడితే బయటి అంచు దాదాపు 18 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది, లోపలి అంచు 8 మిల్లీమీటర్లు సస్పెన్షన్ వైపు జరుగుతుంది. అదే 6.5 అంగుళాలు, 38 అయితే బయటికి 8, లోపలికి 4. నేను ఈ రెండోదే తీసుకున్నాను.

వైజాగ్‌లో ఒక షాపులో బిగించారు. కోసు బోల్టులు నేను అడిగి మరీ వేయించుకున్నాను. టైరు మీది తేదీ అంకెలు కూడా చూసుకున్నాను. నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. అంతా సరిగ్గానే ఉంది. కానీ గజపతినగరం దగ్గర 85 దాటగానే స్టీరింగ్ వణకడం మొదలైంది. వెనక్కి తిరిగి విజయనగరంలో బ్యాలెన్సింగ్ చేయించాను. రెండుసార్లు చేసినా అదే వణుకు. అప్పుడు చక్రం విప్పించి చూశాను. పోలో హబ్ 57.1 మిల్లీమీటర్లు. ఈ రిమ్ము మధ్య రంధ్రం 73.1. రకరకాల కార్లకి పట్టాలని రంధ్రం పెద్దగానే చేస్తారు, ఆ ఖాళీని రింగుతో నింపాలి. నాకు బిగించినవాళ్లు రింగులే వేయలేదు. చుట్టూ ఎనిమిది మిల్లీమీటర్ల ఖాళీ! చక్రం నేలకి ఆనాక బోల్టులు బిగిస్తే బరువుకి కాస్త పక్కకి కూర్చుంటుంది, బ్యాలెన్సింగ్ యంత్రానికి ఆ సంగతి తెలియదు. నాకు చాలా కోపం వచ్చింది. నన్ను ఆ రిమ్ములతో ఘాట్ ఎక్కమని పంపేశారు కదా!

మర్నాడు రింగులు సంపాదించి, జాకీ మీదే చక్రాన్ని మధ్యకి కూర్చోబెట్టి, బోల్టులు ఎదురెదురుగా బిగించి, చివరికి బిగింపు ఎంతో చూపించే టార్క్ పానాతో 120 న్యూటన్ మీటర్లకి సరిచూశాం. వణుకు పోయింది. సాలూరులో ఆగి మళ్లీ ఒకసారి బిగింపు చూసుకున్నాను.

ఇంటికొచ్చాక ఐదుగురం ఎక్కి, డిక్కీలో బియ్యం బస్తా వేసి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పుతూ స్పీడ్ బ్రేకర్లు దాటించాను. టైరు తగిలితే తెలుస్తుందని ఫెండర్ (చక్రం పై రేకు) లోపల ముందే సుద్ద రాసి పెట్టాను, ఎక్కడా చెరగలేదు. బీమా కంపెనీకి కొత్త సైజు రాసి పంపాను. కంపెనీ స్పెసిఫికేషన్‌కి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, రేపు క్లెయిమ్ దగ్గర మాట పడకూడదు.

ఇప్పుడు మలుపుల్లో కీచు తగ్గింది. రెండు వానాకాలాలు సుంకి మీదుగానే తిరిగాను, ఒక్క ఉబ్బూ రాలేదు. నా డిక్కీలోనూ ఒక గుడ్డసంచీ ఉంది. లోపల ఐదు పాత బోల్టులు, పైన తెలుగులోనూ ఒడియాలోనూ రాసి కుట్టించిన చీటీ: 'స్టెప్నీకి ఇవే.'